ఇద్దరికి రాసిచ్చిన గది

1976 ఆగస్టు 1, ఆదివారం

బుల్లిబాబు వచ్చాడు. అమ్మణ్ణికి ఒక్కగానొక్క తమ్ముడు, ఏలూరులో లాయరు గుమాస్తా. మా పెళ్ళయిన పదేళ్ళకు, నేను చేసే ఉద్యోగమేమిటో తెలుసుకోవాలని అతనికి బుద్ధి పుట్టింది.

"బావగారూ, అక్కని అడిగితే కార్డులకు చిల్లులు పెడతారని చెప్పిందండీ. దానికి ఇంజనీరు ఎందుకండీ?" అన్నాడు.

మాకున్నది ఒకటే కంప్యూటరు, దాన్ని పదిహేడు శాఖలు వాడుకోవాలి అని చెప్పాను. పెద్ద లోగిలిని వాటాలు వేసి అద్దెకిచ్చినట్టు, ఆ ఒక్క యంత్రాన్నీ లోపల్లోపల వాటాలు వేసి, ఇదుగో మీ సొంత యంత్రం అని ప్రతి శాఖకూ అప్పగిస్తాం. వర్చువల్ మెషీన్ అంటారు. అది నిజంగా లేదు, కానీ ఉన్నట్టే పనిచేస్తుంది. ఎవరి వాటా ఏ గది నుంచి ఏ గది దాకా, లోపలికి వెళ్ళడానికి రహస్యపు మాట ఏమిటి, ఇవన్నీ చీటీల మీద రాసి యంత్రానికివ్వాలి. చీటీ అంటే అట్ట కార్డు, రాయడమంటే చిల్లులు పెట్టడం. మొత్తం మూడు వందల పైచిలుకు. ఏ శాఖయినా ఒక గది ఎక్కువ అడిగిందంటే దాని తరవాతి చీటీలన్నీ మార్చాలి. ఇన్నాళ్ళూ చేత్తో కొట్టించాం. ఇప్పుడు ఆ చీటీలను యంత్రమే కొట్టుకునేలా ప్రోగ్రాం రాస్తున్నాను.

"అంటే అద్దె చీటీలు కూడా ఇంటినే రాసుకోమని, మీరు అరుగు మీద కూర్చుంటారన్నమాట" అన్నాడు.

అంతేనన్నాను. గది అంటే నిజానికి డిస్కు మీద ఒక చుట్టు, మేం సిలిండరు అంటాం. గది అన్న మాటే బాగుంది. ఇక్కడ నేనూ అలాగే రాసుకుంటాను.

ఆగస్టు 4, బుధవారం

ప్రోగ్రాం ఆగకుండా చివరిదాకా నడిచింది. మూడు వందల పన్నెండు కార్డులు నాలుగు నిమిషాల్లో కొట్టి పడేసింది. నీలమ్మకు నాలుగు రోజులు పట్టేది.

నీలమ్మ మా పంచింగు అమ్మాయి. కొత్తగూడ ఊరిదే, నడిచే వస్తుంది. మేం సనత్‌నగర్ నుంచి ఆఫీసు బస్సులో, ఆ రాళ్ళ దారిలో ఎముకలు కదిలిపోయి దిగేసరికి ఆమె మెషీను ముందు కూర్చుని ఉంటుంది. మూడేళ్ళుగా రోజుకూలి మీద చేస్తోంది. పర్మనెంటు చేయాల్సిన వాళ్ళ జాబితా నవంబరు ఒకటిన ఢిల్లీకి వెళుతుంది. అందులో ఈసారి ఆమె పేరుంది. అది తప్పిపోతే మళ్ళీ ఎన్నేళ్ళకో, లేదంటే ఎప్పటికీ లేదు.

వాళ్ళ నాయన వీరేశం కల్లాల దగ్గర వడ్లు కొలిచే మనిషి. ఆ అలవాటు ఈమెకూ పట్టుబడింది. కార్డుల కట్టలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనదు. లాభం, రెండు, మూడు అంటుంది. ఆఫీసులో వెనక నవ్వుకుంటారు.

యంత్రం కార్డులు కొడుతుంటే నిలబడి చూసింది. "ఇగ నాతోటి ఏం పనున్నది సారూ?" అంది.

"ఏ శాఖకు ఎన్ని గదులు కావాలో ఆ జాబితా కార్డులు నువ్వు కొట్టిస్తేనే కదా దీనికి తెలిసేది" అన్నాను.

అది నిజమే.

ఆగస్టు 11, బుధవారం

కొత్త చీటీల కట్టలు నీలమ్మ కట్టింది. ఏదో అడిగింది. బస్సుకు టైమైంది.

ఆగస్టు 16, సోమవారం

శని, ఆదివారాల్లో పాత వాటాలన్నీ టేపుల మీదికి ఎత్తి, కొత్త చీటీల ప్రకారం కొత్త గదుల్లో దించాం. ఈ రోజు పదిహేడు శాఖలూ పనిచేశాయి. డైరెక్టరు రామ్మోహనరావు గారు నా చేయి పట్టుకుని ఊపారు. ఈ దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదని ఢిల్లీకి రిపోర్టు పంపుతారట. మొదటిదో కాదో నాకు తెలియదు. కాదనలేదు.

ఆగస్టు 19, గురువారం

మధ్యాహ్నం యజ్ఞనారాయణ గారు వచ్చారు. భూగర్భ జలాల శాఖ. పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి దాకా రెండు వందల పన్నెండు బావుల్లో నీళ్ళు నెలనెలా ఎంత లోతున ఉన్నాయో నాలుగేళ్ళుగా కొలుస్తున్నారు. మార్చిలో రిటైరవుతారు.

ఆయన కేకలు వేయలేదు. చేతిలో కాగితం మడత విప్పి నా బల్ల మీద పరిచారు. "ఆంజనేయులు గారూ, నీళ్ళున్నాయండీ. బావులే కనిపించడం లేదు" అన్నారు.

కొలతలన్నీ ఉన్నాయి. ఏ కొలత ఏ బావిదో చెప్పే పట్టిక పోయింది. అది ఆయన వాటాలో ఆఖరి గదిలో ఉండేది. ఆయన పక్క వాటాలోకి కొత్తగా వచ్చిన శాఖ వాళ్ళు నిన్న తమ గదులు కడుక్కున్నారు. కొత్తగా దిగేవాళ్ళు ముందు అన్నీ చెరిపి శుభ్రం చేసుకుంటారు, అది పద్ధతే. వాళ్ళు కడిగిన మొదటి గది, ఈయన ఆఖరి గది ఒకటే.

టేపు మీద కాపీ లేదు. మాకున్నవి ఆరు టేపులే, దించగానే వేరే పనికి వాడేశారు. అసలు కార్డులు, డిస్కులో ఉన్నాయి కదా అని మేలో చిత్తుకాగితాల కింద రద్దీకి అమ్మేశాం. ఇక మిగిలినవి ఫీల్డు పుస్తకాలు. వాటిని చూసి మళ్ళీ కొట్టాలంటే ఏడాది.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆగస్టు 20, శుక్రవారం

దొరికింది. ఒక వాటా ఆఖరి గది నంబరు లెక్కగట్టాక, తరవాతి వాటా దానికి ఒకటి కలిపి మొదలవాలి. నేను కలపలేదు. ఒక్క వరుసలో, ఒక్క అంకె. దానితో ప్రతి ఇద్దరి మధ్యా ఒక గది ఉమ్మడి అయిపోయింది. మిగతా శాఖలకు ఆఖరి గది ఖాళీగా ఉంది కాబట్టి బతికిపోయారు.

నీలమ్మ కొట్టిన జాబితా కార్డు తీసి చూశాను. యజ్ఞనారాయణ గారికి నలభై గదులు. నలభై అనే కొట్టింది.

ఆగస్టు 21, శనివారం

చెప్పాలి. సోమవారం మీటింగుంది, అక్కడ చెబుతాను.

ఆగస్టు 23, సోమవారం

మీటింగులో తొమ్మిది మందిమి. ఒక గది ఇద్దరికి ఎలా వెళ్ళిందని డైరెక్టరు గారు అడిగారు. నేను నోరు తెరిచేలోగా "ప్రోగ్రాంలో ఏమీ లేదు కదా ఆంజనేయులూ? రిపోర్టు వెళ్ళిపోయింది" అన్నారు.

"చూస్తున్నానండి" అన్నాను.

"జాబితా కార్డులు ఎవరు కొట్టారు?"

"నీలమ్మ."

అదీ అబద్ధం కాదు. తరవాత ఎవరూ అడగకుండానే ఇంకో మాట అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కాబోలు. "ఆ అమ్మాయి ఒకటి నుంచి లెక్కపెట్టదు కదండీ, లాభం నుంచి మొదలుపెడుతుంది" అన్నాను.

అందరూ నవ్వారు. యజ్ఞనారాయణ గారు మాత్రం నవ్వలేదు. "అదన్నమాట సంగతి. ఒక గది లాభంలో పోయింది" అని డైరెక్టరు గారు కాగితం మీద రాసుకున్నారు. టీ వచ్చింది.

మా ఊళ్ళో కూడా లాభం అనే అంటారు. మా తాతగారి కల్లంలో మొదటి కుంచం పడగానే ఆ మాట వినపడేది. లాభమంటే ఒకటేనని పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. ఆ గదిలో ఉన్న తొమ్మిది మందిలో ఏడుగురం పల్లెటూళ్ళ వాళ్ళమే.

ఆగస్టు 24, మంగళవారం

ప్రోగ్రాం సరిచేశాను. చీటీలు మళ్ళీ కొట్టించి యంత్రానికిచ్చాను. పాత చీటీలు, పాత ప్రోగ్రాం అచ్చేసిన లిస్టింగు అలమరలో అడ్డంగా ఉంటే రద్దీలో వేయించాను. అలమర ఎన్నాళ్ళనుంచో శుభ్రం చేయాలనుకుంటున్నాను.

ఆగస్టు 30, సోమవారం

విచారణ తేలేదాకా నీలమ్మను రావద్దన్నారు. విచారణ అంటూ ఉంది కాబట్టి అందులో అన్నీ బయటికి వస్తాయి. నేను ముందుగా తొందరపడి చెప్పడం వల్ల గందరగోళం తప్ప ప్రయోజనం లేదు.

ఎమర్జెన్సీ రోజులు. రోజుకూలి మనిషిని రావద్దంటే రావద్దన్నట్టే. అడిగే యూనియను లేదు.

సెప్టెంబరు 6, సోమవారం

రాత్రి పులుసులో ఉప్పు వేయడం మర్చిపోయిందట అమ్మణ్ణి. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. తాను తిన్నాక తెలిసి వచ్చి, "ఏవండీ, ఒక్క మాటయినా అనలేదేం?" అంది.

నాకు తెలియలేదు.

సెప్టెంబరు 7, మంగళవారం

ఆఫీసు పని మామూలుగా జరిగింది.

సెప్టెంబరు 14, మంగళవారం

యజ్ఞనారాయణ గారు ఫీల్డు పుస్తకాలు ముందేసుకుని తానే కార్డులు కొట్టుకుంటున్నారు. రెండు వేళ్ళతో. ఒక కార్డు కొట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంకోటి పెడుతున్నారు. నన్ను చూసి, "ఆ అమ్మాయి ఉంటే ఎంత బాగుండేదండీ. మూడేళ్ళలో నా కార్డుల్లో ఒక్క తప్పు రాలేదు" అన్నారు.

"అలాగా" అన్నాను.

"అందుకే నాకు నమ్మకం కుదరడం లేదు" అన్నారు. నా వంక చూడలేదు. నేనూ ఆయన వంక చూడలేదు. తేలు కుట్టిన దొంగ పక్కన నిలబడితే వాడెంత మామూలుగా కనిపిస్తాడో ఈ రోజు తెలిసింది.

సెప్టెంబరు 29, బుధవారం

బస్సు కొత్తగూడ దగ్గర ఆగింది, టైరు పోయింది. దిగి నిలబడ్డాం. ఆడవాళ్ళు తంగేడు పూలు కోసుకుని వెళుతున్నారు, బతుకమ్మ రోజులు. వాళ్ళలో నీలమ్మ ఉంది. నన్ను చూసింది. దండం పెట్టింది. ఎప్పుడూ పెట్టేలాగే పెట్టింది.

నేను బస్సెక్కి కూర్చున్నాను. టైరు వేయడానికి ఇంకా ముప్పావుగంట పట్టింది. బస్సులో నేనొక్కణ్ణే.

అక్టోబరు 8, శుక్రవారం

ఆగస్టు పదకొండున నీలమ్మ ఏదో అడిగిందని రాశాను. ఏం అడిగిందో నాకు గుర్తుంది. అప్పుడూ తెలుసు.

రెండు కార్డులు పక్కపక్కన పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "సారూ, వెనకటాయన ఆఖరు నంబరు, ముందటాయన మొదటి నంబరు ఒక్కటే ఉన్నయి. అన్నిట్ల గట్లనే ఉన్నది. గట్లనే ఉంటదా?" అంది.

"అలాగే ఉంటుంది. నువ్వు లెక్కపెట్టి కట్టలు కట్టు, చాలు" అన్నాను.

ఆ కార్డుల వైపు నేను చూడను కూడా లేదు. మూడు వందల పన్నెండు కార్డులు నాలుగు నిమిషాల్లో కొట్టే ప్రోగ్రాం రాసినవాణ్ణి. నాకు ఆమె చెప్పేదేమిటి. అదీ నా మనసులో ఉన్నది.

అక్టోబరు 18, సోమవారం

విచారణ జరిగింది. పది నిమిషాలు పట్టింది. నీలమ్మను నిలబెట్టి అడిగారు. నేను సెక్షను తరఫున పక్కన కూర్చున్నాను.

"నువ్వు లెక్కపెట్టేటప్పుడు ఒకటికి బదులు లాభం అంటావా?" అని డైరెక్టరు గారు అడిగారు.

"అంట సార్."

"రాసుకోండి. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?"

ఆమె నా వైపు చూసింది. ఒక్కసారే. చాలాసేపు చూసినట్టనిపించింది కానీ, ఒక్కసారే. తరవాత "లేదు సార్" అని వెళ్ళిపోయింది.

నేను విచారణలో అన్నీ బయటికి వస్తాయని రాశాను. వెనక్కి తిప్పి చూశాను, ఆగస్టు ముప్పైన రాశాను.

అక్టోబరు 25, సోమవారం

ఢిల్లీకి వెళ్ళే పర్మనెంటు జాబితా నా బల్ల మీదికి వచ్చింది, నీలమ్మ పేరు లేదు. సెక్షను తరఫున నా సంతకం కావాలన్నారు. పెట్టాను. కలం బాగానే రాసింది.

అక్టోబరు 26, మంగళవారం

పదకొండింటికి డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి చెప్పాను. తప్పు నా ప్రోగ్రాందని, ఆ అమ్మాయి కొట్టిన అంకె సరైనదేనని, జాబితా ఒకటో తారీకున వెళ్ళేలోపు ఆమె పేరు చేర్చాలని. ఇంత సులువైన పనికి రెండు నెలలెందుకు పట్టిందో తెలియలేదు. నాలిక మీద ఏ బరువూ లేదు.

ఆయన విన్నారు. కుర్చీ వెనక్కి వాల్చారు. "మీ మనసు మంచిది ఆంజనేయులూ" అన్నారు.

"మనసు కాదండీ, ఇది జరిగిన సంగతి."

"ప్రోగ్రాం తెప్పించి చూశాను నేను. ఆ ఒకటి కలపడం శుభ్రంగా ఉంది."

"తరవాత నేను సరిచేశానండీ."

"పాత లిస్టింగు చూపించండి."

రద్దీలో వేశానన్నాను. జాబితా కార్డు తెచ్చి చూపించాను, నలభై అని కొట్టి ఉంది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి నాకే ఇచ్చేశారు. "ఇది ఎవరైనా ఎప్పుడైనా కొట్టించవచ్చు. పేదపిల్ల మీద జాలితో మీరు మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఇంట్లో అంతా బాగానే ఉందా? సెలవు కావాలంటే తీసుకోండి" అన్నారు.

నేను అన్న అబద్ధాన్ని ఇప్పుడు నేనే అబద్ధమన్నా ఎవరూ నమ్మడం లేదు. ఆ రోజు నవ్వుతూ అన్న మాటకు సాక్ష్యం ఎవరూ అడగలేదు. ఇవాళ్టి మాటకు కాగితం కావాలి.

అక్టోబరు 28, గురువారం

నిన్నంతా కూర్చుని పాత ప్రోగ్రాంను మళ్ళీ తప్పుగా రాశాను. తప్పు బాగా గుర్తుంది.

ఈ రోజు భోజనాలయ్యాక డైరెక్టరు గారిని, యజ్ఞనారాయణ గారిని యంత్రం గదిలోకి రమ్మన్నాను. రెండే రెండు వాటాలకు చీటీలు కొట్టించాను. ఒకటి నాది. మూడేళ్ళుగా నేను రాసుకున్న ప్రోగ్రాములన్నీ ఉన్న వాటా. దాని పక్కన ఒక ఖాళీ వాటా. అడిగిన అంకెలు ఇద్దరి ముందూ చదివి వినిపించాను. కొట్టి వచ్చిన కార్డులు వాళ్ళ చేతికే ఇచ్చాను. తరవాత పక్క వాటాను కడగమని యంత్రానికి చెప్పాను. అర నిమిషం. నా వాటా తెరిచి ఆఖరి గది చూపించాను. ఏమీ లేదు.

"మీ ప్రోగ్రాములకు కాపీ ఉండే ఉంటుంది కదూ?" అన్నారు డైరెక్టరు గారు.

"లేదండీ" అన్నాను. కాపీ ఉంటే, నేను గారడీ చేశానంటారు.

యజ్ఞనారాయణ గారు ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. "వెళ్ళి నా కార్డులు కొట్టుకుంటానండీ" అని వెళ్ళిపోయారు.

డైరెక్టరు గారు తలుపు వేశారు. "సరే, నమ్మాను. రెండు రోజులు ఆగండి" అన్నారు.

అక్టోబరు 30, శనివారం

డైరెక్టరు గారు ఉపాయం చూశారు. ఒక ఉత్తర్వు టైపు చేయించి నా చేతికిచ్చారు. అందులో ఇలా ఉంది: "పంచింగు ఆపరేటరు నీలమ్మ పేదరికాన్ని, లేత వయసును దృష్టిలో ఉంచుకుని, ఆమె పొరపాటును ఈ ఒక్కసారికి క్షమించి, పర్మనెంటు జాబితాలో తిరిగి చేర్చడమైనది." కింద, తన పొరపాటు ఒప్పుకుంటున్నట్టు ఆమె సంతకానికి చోటు.

"ఆమెకు ఉద్యోగం వస్తుంది. మీ పేరు రాదు. ఢిల్లీకి వెళ్ళిన రిపోర్టు అలాగే ఉంటుంది. ఎవరికి నష్టం చెప్పండి?" అన్నారు.

నాకు ఎవరూ కనిపించలేదు. సంతోషమే వేసింది. రెండు నెలల తరవాత మొదటిసారి. దారిలో ఆగి అమ్మణ్ణికి సీతాఫలాలు కొన్నాను.

అక్టోబరు 31, ఆదివారం

కొత్తగూడ వెళ్ళాను. రెండు అర్రల ఇల్లు, ముందు రాతి గద్దె. వీరేశం గద్దె మీద తుండు పరిచి నన్ను కూర్చోబెట్టాడు. చెంబుతో నీళ్ళిచ్చాడు. నీలమ్మ గడప దగ్గర నిలబడింది. పని దొరికింది, కాగితం తెచ్చానన్నాను.

"సదువు బిడ్డా, నేను గూడ ఇంట" అన్నాడు వీరేశం.

ఆమె గొంతు విప్పి చదివింది. పొరపాటును అన్న దగ్గర ఆగింది. మిగతాది లోపల చదువుకుంది.

"ఏమైందే?" అన్నాడు తండ్రి.

"మాఫీ జేస్తున్రట నాయనా."

"ఏం జేసినవని?"

నేను అందుకుని, "మాటదేముంది నీలమ్మా, ఉద్యోగం వస్తుంది కదా. సంతకం పెట్టు" అన్నాను.

వీరేశం నా వైపు తిరిగాడు. కోపంగా లేడు. "మాటదే ఉన్నది సారూ. మీ ఆఫీసుల ఒక అర్ర లాభంల పోయిందని ఊరంత ఎర్కైంది. మొన్న రామచంద్రం పటేలు కల్లంల నేను కొలిచిన వడ్లు మళ్ళ ఇంకోనితోటి కొలిపిచ్చిన్రు. ముప్పై ఏండ్లల ఎన్నడు లేదు. కొలిచెటోనికి మాట దప్ప ఇంకేమున్నది?" అన్నాడు.

ఇది నాకు తెలియదు. నేను అన్న ఒక్క మాట ఇంత దూరం నడిచి వచ్చిందని నాకు తెలియదు.

నీలమ్మ కాగితాన్ని మడత మీద మడత సరిగ్గా పెట్టి నాకిచ్చింది. "నేన్ జెయ్యని తప్పుకు మాఫీ ఎట్ల తీసుకుంట సారూ? నౌకరి వస్తె రానియ్యి, పోతె పోనియ్యి" అంది.

"విచారణలో నువ్వెందుకు చెప్పలేదు? ఆ రెండు కార్డులు నాకు చూపించానని?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మీరు ఆడనే కూసున్నరు గద సారూ. మీరే చెప్తరనుకున్న" అంది.

బస్సు లేదు, నడిచి వచ్చాను. సిగ్గు వేసింది. ఇన్నాళ్ళుగా లేనిది, కొండాపూర్ దాటేసరికి ఒళ్ళంతా పట్టుకుంది.

నవంబరు 1, సోమవారం

బస్సు దిగగానే నా చేత్తోనే కాగితం రాశాను. తప్పు ప్రోగ్రాంది, ప్రోగ్రాం నాది, నీలమ్మ కొట్టిన కార్డులో ఏ పొరపాటూ లేదు, మీటింగులో నేను అన్నది అబద్ధమని తెలిసే అన్నాను. సంతకం, తేదీ. ఒక ప్రతి డైరెక్టరు గారికి, ఒకటి యజ్ఞనారాయణ గారికి, ఒకటి నోటీసు బోర్డుకు.

డైరెక్టరు గారు చదివి, "బోర్డు మీది తీసేయండి" అన్నారు. తీయనన్నాను. "ఇది ఫైల్లో పెడితే మిమ్మల్ని నేను కాపాడలేను" అన్నారు. సరేనన్నాను. మధ్యాహ్నం రెండింటికి ఢిల్లీ సంచీ కట్టే ముందు జాబితాలో నీలమ్మ పేరు చేతి రాతతో ఎక్కించారు. కొత్త ఉత్తర్వులో, ఆమె తప్పేమీ లేదని రుజువైనందున, అని ఉంది. అది నేను చూశాకే సంచీకి లక్క ముద్ర వేశారు.

మూడున్నరకు నా సస్పెన్షను కాగితం ఇచ్చారు. అలమర తాళాలు అప్పగించాను.

ఇంటికి త్వరగా వచ్చేసరికి అమ్మణ్ణి చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదురుగా చాప మీద కూర్చుని మొదటి నుంచి అంతా చెప్పాను. ఆగస్టు నుంచి ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె మధ్యలో ఆపలేదు, చేతులు మాత్రం ఆగిపోయాయి. చివరికి, "ఆ పిల్ల ముందే వచ్చి మీకు చూపించిందన్నారు కదండీ. ఆ సంగతి రాశారా?" అంది.

"తప్పు నాదని రాశాను."

"అది కాదండీ. ఆ పిల్ల కనిపెట్టిందని రాశారా?"

రాయలేదు. మూడు ప్రతులు రాశాను, ఒక్కదానిలోనూ రాయలేదు. పొద్దున రాసేటప్పుడు ఆ వాక్యం కలం దాకా వచ్చింది. ఇంత ఒప్పుకున్నాను కదా, ఇది ఒక్కటీ నాకు ఉండనీ అనుకున్నాను. అనుకున్నట్టు కూడా తెలియకుండా అనుకున్నాను. తప్పు చేసిన ఇంజనీరని అనిపించుకోగలను. పంచింగు అమ్మాయి చూసిన తప్పును చూపించినా చూడని ఇంజనీరని అనిపించుకోలేను.

"అయితే ఆ పిల్ల తప్పు చేయలేదని మాత్రమే అందరికీ తెలుస్తుంది" అంది అమ్మణ్ణి. "మీకంటే బాగా చూసిందని ఎవరికీ తెలియదు."

ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. ఆమె చాట పక్కకు జరిపి, లోపలికి వెళ్ళి కాగితాలు, కలం తెచ్చి నా ముందు పెట్టింది. ఏడుస్తూనే రాశాను. "ఆగస్టు పదకొండో తేదీన నీలమ్మ ఈ తప్పును కనిపెట్టి, కార్డులు తెచ్చి నాకు చూపించింది. నేను ఆమె మాట వినలేదు." ఇప్పటికి రెండు ప్రతులయ్యాయి, మూడోది రాస్తున్నాను.